బొట్టు పెట్టిన పానా

వీల్ నట్టు బిగించడంలో ఆఖరి పని చేతిది కాదు, కాలిది. బండి జాకీ మీద లేచి ఉన్నంతసేపు నట్లను పానాతో తిప్పి ఊరికే కూర్చోబెడతాం. జాకీ దించి టైరు నేలకు ఆనాక, పానా పిడిని అడ్డంగా పెట్టి, దాని కొస మీద బూటు కాలితో ఎక్కి, ఒంటి బరువంతా వేసి ఒక్క తొక్కు తొక్కుతాం. నట్టు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వింటే తప్ప నాకు బండిని వదలబుద్ధి కాదు. పెద్ద షోరూముల్లో బిగింపును కొలిచే పానాలు ఉంటాయట. ఎల్లారెడ్డిలో మా షెడ్డుకు అంత వైభోగం లేదు. అక్కడ కొలత నా డెబ్బై కిలోలే.

ఆ తొక్కుడుకు చెప్పులు పనికిరావు. మా వైపు మెకానిక్కులు చాలామంది రబ్బరు చెప్పులతోనే బతుకు వెళ్లదీస్తారు, నేనూ అంతే. ఒకరోజు స్టెప్నీ టైరు చేయి జారి కుడికాలి బొటనవేలు మీద పడింది. గోరు ఊడి వచ్చింది. పది రోజులు ఇంట్లో కుంటుతూ అందరి మీదా అరిచాను. పదకొండో రోజు నా భార్య పాపను చంకన వేసుకుని, నన్ను బస్సెక్కించి కామారెడ్డి తీసుకుపోయి, వేళ్ల ముందు ఇనుప తొడుగున్న బూట్లు కొనిపించింది. "గింత బరువేందే, ఎడ్లకు నాడాలు కొట్టినట్టు!" అన్నాను. "ఏలు పోతే పోయింది, కాలు పోతే నిన్ను ఎవలు మోస్తరు? నేనైతే మొయ్య" అంది. దుకాణంలో నలుగురూ నవ్వారు.

మొదటి వారం మడమలు బొబ్బలెక్కాయి. తర్వాత ఆ బూట్లు లేకపోతే పనే సాగదన్నట్టు అయిపోయింది. ఆయిలు పడిన గచ్చు మీద జారవు. వెల్డింగు నిప్పురవ్వలు పడ్డా కాలవు. అన్నిటికంటే ముఖ్యం, పానా పిడి వాటి అడుగున గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాలు పక్కకు పోదు. షెడ్డు యజమాని, ఆయన్ను నేను అన్న అంటాను, "వీడు బూట్లేసుకున్నంక మిలిటరోని లెక్క నడుస్తుండు" అని ఏడిపించేవాడు.

మాది నాగిరెడ్డిపేట వైపు చిన్న పల్లె. క్రైస్తవులం. నేను పని నేర్చుకున్నది ఇక్కడ కాదు, కామారెడ్డిలో ఇంకో షెడ్డులో. అక్కడ ఒక దసరా నాడు సామాన్లన్నీ కడిగి పూజకు వరసగా పేర్చారు. దారిలో పడి ఉన్న సుత్తిని నేను అలవాటు కొద్దీ కాలితో పక్కకు జరిపాను. అంతే! అక్కడి యజమాని పదిమంది ముందు, "మీకేం ఎరుక వీటి విలువ? మీకు దేవుడా, దయ్యమా?" అన్నాడు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ 'నీకు' అని ఉంటే పడేవాణ్ణి. 'మీకు' అన్నాడు. మా నాయనను, మా అమ్మను, మా చర్చిలో పాటలు పాడే ముసలివాళ్లను అందరినీ కలిపి అన్నాడు. నాకు ముక్కు మీద కోపం. చేతిలో ఉన్న గుడ్డ విసిరికొట్టి బయటికి వచ్చాను, మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

ఎల్లారెడ్డికి వచ్చాక ఈ అన్న గాని, వాళ్లమ్మ గాని ఏనాడూ ఒక్క మాట అనలేదు. వాళ్లమ్మను అందరం అవ్వ అంటాం. మధ్యాహ్నం నా సద్ది చల్లారి ఉంటే లోపలికి తీసుకుపోయి వేడి చేసి ఇస్తుంది. నేను తిట్టుకుంటూ పని చేస్తుంటే, "నట్టును తిడితే ఊడుతదారా, నూనె పొయ్యి" అంటుంది. అయినా సరే, దసరా వస్తే నేను జాగ్రత్తగా ఉండేవాణ్ణి. సామాన్లన్నీ నేనే డీజిల్‌తో కడిగి, తుడిచి, బల్ల మీద పేర్చేవాణ్ణి. పూజ మొదలవగానే బూట్లు విప్పి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్క వేలు కూడా పొరపాటున తగలకూడదు, ఇంకోసారి ఆ మాట పడకూడదు, అంతే నా లెక్క.

నేను చెప్పబోయే దసరా పొద్దున మాకు అసలు పని లేదు. పూజ చేసుకుని ఇంటికి పోవడమే. అంతలో జీపు నడిపే కాక వచ్చాడు. అరవై దాటిన మనిషి, మా షెడ్డుకు పాత గిరాకీ. ఆ రోజు మనవళ్లిద్దరినీ, భార్యనూ ఎక్కించుకుని కామారెడ్డిలో కూతురింటికి బయల్దేరాడు. ముందు టైర్ల లోపలి అంచు బాగా అరిగిపోయింది. తీగ కనబడటానికి ఎంతో దూరం లేదు.

"టైర్లు ఎప్పుడు మార్పిచ్చినవ్ కాకా, నీ పెండ్లిలనా?" అన్నాను.

"నీ నోట్ల మన్ను వడ. మొన్ననే గదరా!"

"మొన్న అంటే పోయిన దసరా. ముందటియి ఎనకకు, ఎనకటియి ముందటికి మార్చుడు పండుగ కాదు కాకా, ఏడాదికోపారి చేసుకునెటందుకు. బండి తిరుగుతాంటే చెయ్యాలె."

అన్న గడియారం చూసి, "పూజకు ఇంక యాళ్లున్నది, జల్ది చేసి పంపు" అన్నాడు. నేను బూట్లు కట్టుకుని పనిలోకి దిగాను. కుడివైపు రెండు టైర్లూ ముందుది వెనక్కు, వెనకది ముందుకు మార్చి, దించి, తొక్కి బిగించాను. ఎడమవైపు ముందుదీ తొక్కేశాను. ఎడమ వెనకది మాత్రం ఇంకా జాకీ మీద ఉంది. ఐదు నట్లూ ఎక్కించి పానాతో కూర్చోబెట్టానంతే.

అప్పుడే నా భార్య, ఐదేళ్ల మా పాప వచ్చారు. దసరా సెలవులకు కామారెడ్డిలో వాళ్లమ్మగారింటికి పోతున్నారు. బస్టాండులో పండుగ జనం, నిలబడటానికి కూడా చోటు లేదని వెనక్కి వచ్చారు. కాక జీపు కామారెడ్డికే కదా, నాకు ప్రాణం లేచి వచ్చింది. "కాకా, మనోళ్లను గూడ దించుతవా?" అన్నాను. "ఇదేమన్న అడిగే మాటనా? ఎక్కుమను, మస్తు జాగున్నది" అన్నాడు. అట్లా ఆ జీపులో వాళ్లను ఎక్కించింది నేనే. ఎవరి మీదకో తోసెయ్యడానికి లేదు.

అన్న లోపలి నుంచి కేకేశాడు, పూజకు అంతా సిద్ధమైందని. నేను బూట్లు విప్పి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అవ్వ పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని కంప్రెసరుకు, గ్రైండరుకు, కట్టెలు కొట్టే గొడ్డలికి కూడా బొట్లు పెట్టింది. బయటికి వచ్చి జీపు ముందు భాగానికి పెట్టింది. ఎడమ వెనక టైరు పక్కన నేను వదిలేసిన వీల్ పానా ఆమె కంట పడింది. వంగి, దాన్ని కొంగుతో తుడిచి, పిడి పొడుగునా మూడు బొట్లు పెట్టింది. రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని, మళ్లీ మెల్లగా అక్కడే పెట్టింది. "ఇదే గద మనకు ఇంత బువ్వ పెడుతున్నది" అంది.

కొబ్బరికాయ కొట్టడం, హారతి అయ్యాయి. కాక తొందర మొదలైంది. మనవళ్లు హారను కొడుతున్నారు, కూతురు ఎదురు చూస్తుందంటున్నాడు. నేను ఒట్టి కాళ్లతోనే వెళ్లి జాకీ దించాను. పానాను మొదటి నట్టుకు తగిలించి కాలు ఎత్తాను.

సరిగ్గా నేను కాలు పెట్టే చోట, పిడి కొసన, ఎర్రటి బొట్టు.

తల ఎత్తితే అవ్వ. పళ్లెం పట్టుకుని మూడడుగుల దూరంలో నిలబడి, తదేకంగా నా కాలినే చూస్తోంది. కామారెడ్డి షెడ్డులో ఆ పదిమంది ముఖాలూ ఒక్కసారి నా ముందుకొచ్చాయి. ఎత్తిన కాలు దించేశాను. పిడిని మధ్యలో, బొట్టు లేని చోట పట్టుకుని చేతులతో లాగాను. ఒక్కో నట్టుకు ఒక్కో గుంజు. ఏ నట్టూ కిర్రుమనలేదు. కొసన పట్టుకోక మధ్యలో పట్టుకుంటే సగం బలం కూడా ఆనదని నాకు తెలియదా? తెలుసు. 'బాగానే ఉందిలే' అని నాకు నేను చెప్పుకుని, పానా తీసేసి, "పో కాకా, పైలం" అన్నాను. పాప కిటికీలోంచి చేయి ఊపింది. జీపు రోడ్డెక్కింది.

అన్న పులిహోర పెట్టిన ఆకు చేతికిచ్చాడు. బల్ల అంచున కూర్చున్నాను. పానాను ఎదురుగా గోడకు ఆనించాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, కళ్లు దాని మీదకే పోతున్నాయి. మూడు బొట్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొసన ఉన్నది కొంచెం కూడా చెరగలేదు. నాలుగో టైరు నట్లను ఎవరూ తొక్కలేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కాకకు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పాటలు పెట్టుకుని ఉంటాడు, మనవళ్ల గోల. మళ్లీ చేశాను. మళ్లీ. నా భార్యకు చేశాను. నా వెనకాలే, గోడ అలమరలో మోగింది. పొద్దున వచ్చీ రాగానే చార్జింగుకు పెట్టి మరిచిపోయింది.

ఆకు కింద పడేసి, పానా తీసుకుని, అన్న మోటారు సైకిలు తాళం బల్ల మీద నుంచి లాక్కున్నాను. "ఏందిరా, ఏమైంది?" అని అన్న అరుస్తున్నాడు. "వస్త అన్నా" అన్నానో లేదో కూడా గుర్తులేదు. బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. లేసులు కట్టుకునే ఓపిక ఎవడికుంది!

పానాను తొడ కింద అదిమిపెట్టి కామారెడ్డి రోడ్డు పట్టాను. జీపు బయల్దేరి పావుగంట కావస్తోంది. లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. వదులు నట్టు వెంటనే ఊడదు. బండి కదిలినప్పుడల్లా కాస్త కాస్త తిరుగుతుంది. ఒకటి వదులైతే పక్కదాని మీద బరువు పడి అదీ వదులవుతుంది. రెండు పోయాక మిగతావి ఎంతోసేపు ఆగవు. గుంతలో పడితే ఇంకా తొందర. మలుపు తిరిగితే ఇంకా తొందర. ఈ లెక్కలన్నీ నేను డ్రైవర్లకు చెప్పి భయపెట్టినవే. ఇప్పుడు నా బుర్రలో అవే తిరుగుతున్నాయి, ఆపుదామన్నా ఆగవు. ప్రభువా, కాకను మెల్లగా నడపనియ్యి అని పైకే అన్నాను. ఎదురుగా వస్తున్న సైకిలాయన నన్ను వింతగా చూశాడు.

రోడ్డు వంపు తిరిగిన ప్రతి చోటా పడిపోయిన జీపు కోసం ముందుకు వంగి చూసేవాణ్ణి. వంపు దాటితే ఖాళీ రోడ్డు. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో వంపు. ఒక చోట రోడ్డు పక్కన పది పదిహేను మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఏదో బండి. జనం వంగి కిందికి చూస్తున్నారు. బ్రేకు వేశానో లేదో తెలియదు. దగ్గరికి పోతే అది లారీ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేస్తున్నారు. ఒకాయన నవ్వుతూ కొబ్బరి ముక్క చాపాడు. ఆయన మీద అంత కోపం ఎందుకు వచ్చిందో! ముక్క అందుకోకుండా గేరు మార్చాను.

లింగంపేటలో హోటలు దగ్గర ఆపి అడిగాను, ఇట్ల ఇట్ల తెల్ల జీపు, ముసలాయన, పిల్లలు.

"గిప్పుడే పోయిండ్రు. పిల్లలకు అరటిపండ్లు కొనిచ్చిండు" అన్నాడు హోటలాయన.

"గిప్పుడే అంటే?"

"ఐదు నిమిషాలు గూడ కాలే. ఏమైంది తమ్మి, కాళ్లకు చెప్పులు గూడ లేవు?"

అరటిపండ్లకు ఆగినందుకు ఆ పిల్లలకు జీవితాంతం అరటిపండ్లు కొనిపెట్టాలనిపించింది. మళ్లీ బండెక్కాను. ఎండ ముదిరింది, గేరు రాడ్డు కాలిపోయి అరికాలికి చురుక్కుమంటోంది. తాడ్వాయి వైపు రోడ్డు కొంచెం తిన్నగా సాగిన చోట, దూరంగా తెల్లగా కనిపించింది. జీపే.

దగ్గరికొచ్చాక చూశాను. ఎడమ వెనక చక్రం ఊగుతోంది. తెలియనివాళ్లకు కనబడదు. నాకు కనబడింది. కింద అటూ ఇటూ కదులుతూ, తాగినవాడి నడకలా.

ఇప్పుడేం చెయ్యాలి? హారను కొడితే కాక ఎవడో కుర్రాడు దారి అడుగుతున్నాడనుకుని పక్కకు లాగుతాడు. ఎడమవైపు రోడ్డు అంచున గుంతలున్నాయి, టైరు అందులో పడితే అయిపోయింది. ముందుకు పోయి అడ్డం నిలబడితే గట్టిగా బ్రేకు కొడతాడు. అదీ ప్రమాదమే. మెల్లగా, తనంతట తాను ఆగేలా చెయ్యాలి. ఎట్లా? బుర్ర పని చెయ్యడం లేదు. అంత దగ్గర్లో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోవడం ఎంత నరకమో నాకు తెలిసింది.

వెనక అద్దంలోంచి మా పాప చూసింది. ఎగిరి గంతేసింది. "డాడీ!" అని పెదవులు కదలడం కనిపించింది. వాళ్లమ్మను గుంజింది. నా భార్య వెనక్కి తిరిగి, నన్ను చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి నవ్వింది. మరిచిపోయిన ఫోను ఇవ్వడానికి వచ్చాననుకుంది! కిటికీలోంచి చెయ్యి కూడా చాపింది, ఫోను అందుకోవడానికి. నేను హ్యాండిలు ఒక చేత్తో వదిలేసి, అరచేయి నేల వైపు పెట్టి, మెల్లగా, మెల్లగా అని పైకీ కిందికీ ఆడించాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నా ముఖం ఎట్లా ఉందో ఏమో. ముందుకు వంగి కాక భుజం మీద చెయ్యి వేసింది.

జీపు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగేముందు చక్రం ఒకసారి గట్టిగా ఊగింది. ఆగింది.

నేను మోటారు సైకిలును స్టాండు వెయ్యకుండానే పడేసి, ఎడమ తలుపు తీసి ముందు పాపను దించాను, తర్వాత కాక మనవళ్లను. అందరినీ రోడ్డుకు దూరంగా చెట్ల కింద నిలబెట్టి, చక్రం దగ్గర కూర్చున్నాను. ఐదు నట్లలో రెండు లేవు. మిగిలిన మూడూ బోల్టుల చివరి చుట్ల మీద ఉన్నాయి. చేతి వేళ్లతో తిరుగుతున్నాయి. వేళ్లతో! నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కాక వచ్చి చూశాడు. పండుగ పూట మనవళ్లను ఎక్కించుకున్న మనిషికి చూడగానే సంగతి అర్థమైంది. రెండు చేతులూ జోడించాడు, నాకు! "చూసినవానే," అన్నాడు తన భార్యతో, "గీ పోరడు లేకుంటే ఇయ్యాల మనం ఏమైతుంటిమి? మనసుల అనుమానం రాంగనే ఉరికొచ్చిండు. గసుంటి మెకానిక్కు ఏడ దొరుకుతడు?" కాక భార్య నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది.

ఆ చెయ్యి తీసెయ్యమని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఒక్క నిమిషం, నిజంగా, ఈ మాట ఇట్లాగే ఉండిపోతే బాగుండుననుకున్నాను. తలెత్తితే నా భార్య. పాపను రెండు చేతులతో పట్టుకుని నన్నే చూస్తోంది. ఏడేళ్లుగా ఇంట్లో నా పని కబుర్లు వినీ వినీ ఆమె సగం మెకానిక్కు అయిపోయింది.

"ఎట్ల ఒదులైనయి?" అంది.

"తొక్కలే."

"ఎందుకు తొక్కలే?"

"పానకు బొట్టు పెట్టిండ్రు. అవ్వ చూస్తున్నది."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. పాపను ఇంకా దగ్గరికి లాక్కుని, "గదే కాకకు చెప్పు" అంది.

చెప్పాను. కాక చేతులు కిందికి దిగాయి. ముఖంలో రంగు మారింది. కొట్టినా పడేవాణ్ణి. ఆయన కొట్టలేదు. "నన్నడిగితే నేను తొక్కకపోదునారా?" అన్నాడు. అంతే. వెళ్లి మనవళ్ల పక్కన కూర్చున్నాడు.

జీపులో ఉన్న జాకీతోనే చక్రం లేపి సరిచేశాను. తక్కువైన రెండు నట్లు మిగతా వాటిలో రెండు చక్రాల నుంచి ఒక్కొక్కటి తీసి దీనికి పెట్టాను. జాకీ దించి, పానా తగిలించి, కొస మీద ఎక్కాను. బూట్లు లేవు. ఇనుప పిడి అరికాల్లోకి దిగబడింది. జారింది, తోలు లేచింది. మళ్లీ ఎక్కాను. కిర్రుమంది. బొట్టు ఎప్పుడు చెరిగిందో నేను చూడనే లేదు. నా భార్య వచ్చి పక్కన నిలబడి, "మిగిలినయి గూడ తొక్కు. నా ముంగట తొక్కు" అంది. నాలుగు చక్రాల నట్లన్నీ మళ్లీ తొక్కాను. ఆమె ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకుని, చివరిదాకా చూసి, అప్పుడు పాపను ఎక్కించి తాను ఎక్కింది. ఫోను తేవడం మరిచిపోయాను. కాక మెల్లగా బండి కదిలించాడు. తాడ్వాయి దాటేదాకా వెనకాలే వెళ్లి, ఆ చక్రాన్ని చూసి, చూసి, అప్పుడు వెనక్కి తిరిగాను.

నేను షెడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న, అవ్వ గుమ్మంలోనే ఉన్నారు. కామారెడ్డి చేరామని నా భార్య వాళ్లమ్మ ఫోను నుంచి అన్నకు చెప్పిందట, అంతకు మించి ఒక్క మాటా చెప్పలేదట. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్న నెత్తి పట్టుకుని, నోటికి వచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లు నాకు హాయిగానే ఉన్నాయి. అవ్వ మాత్రం నా కాలి దగ్గర కూర్చుని, నెత్తురు చూసి, నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టింది.

"తొక్కెటందుకు కాలు లేపినవు. నేను చూసిన. మల్ల ఎందుకు దించినవు?" అంది.

"బొట్టు పెట్టినవు గద అవ్వా. నువ్వు చూస్తున్నవు."

"ఒట్టి కాలుతోని తొక్కుతున్నవు, జారి యాడ దెబ్బ తాకుతదో అని చూస్తున్నరా." ఆమె చెయ్యి ఆగింది. "మా ఆయన లారీ నడిపినన్ని ఏండ్లు దసరా నాడు పానకు బొట్టు పెట్టిన. దండం వెట్టి, కండ్లకద్దుకోని, గదే పానను తొక్కెటోడు. పనికొచ్చేదానికే గదరా పూజ. తొక్కకుంటే అది పానెట్లయితది?"

అవ్వ తలెత్తి నా ముఖంలోకి చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నీ బిడ్డ ఒక దిక్కు, ఇంత కుంకుమ ఒక దిక్కు ఉంటే, నేను కుంకుమనే చూస్తననుకున్నవా?" అంది. "నన్ను గసుంటిదాన్ననుకున్నవారా?"

కాదవ్వా, అనబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ నేను అనుకున్నది అదే. ఆమె నా ముఖంలో అది చూసింది. చెంబు అక్కడే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.